ఆంధ్రప్రదేశ్‌లో ప్రాథమికోన్నత విజ్ఞానశాస్త్ర బోధన

ప్రాథమికోన్నత విజ్ఞానశాస్త్ర బోధన అనగా 6 నుండి 8వ తరగతి వరకు, అంటే సుమారు 11 నుండి 14 సంవత్సరాల వయసు గల పిల్లలకు, భౌతిక, రసాయన, జీవశాస్త్రాల మూలాంశాలను నేర్పడం. ఆంధ్రప్రదేశ్‌లో ఈ బోధనను మెరుగుపరచడానికి 1980ల నుండి జరిగిన ప్రయత్నాలలో రెండు మార్గాలు కనిపిస్తాయి. మొదటిది పరికరాల పెట్టెలు, పాఠ్యపుస్తకాలు, శిక్షణా తరగతులు పై నుండి పంపించే మార్గం. రెండవది ఒక ప్రాంతంలోని పాఠశాలలను ఒక సముదాయంగా కలిపి, అక్కడ పాఠం చెప్పే ఉపాధ్యాయులే ఒకరికొకరు శిక్షకులయ్యేటట్లు చూసి, చుట్టుపక్కల ఉన్న కళాశాలలు, స్వచ్ఛంద సంస్థల తోడ్పాటును వారికి అందించే మార్గం. ఈ వ్యాసం ప్రధానంగా రెండవ మార్గం గురించినది. విశాఖపట్నం సమీపంలోని పరవాడ ప్రాంతాన్ని ఇందులో ఉదాహరణగా తీసుకోవడమైనది.

తరగతులు, ఉపాధ్యాయులు

ఆంధ్రప్రదేశ్‌లో 6, 7 తరగతులలో విజ్ఞానశాస్త్రం "సామాన్యశాస్త్రం" అనే ఒకే సబ్జెక్టుగా ఉంటుంది. 8వ తరగతి నుండి అది భౌతిక రసాయన శాస్త్రంగాను, జీవశాస్త్రంగాను విడిపోతుంది. ఈ విభజన వల్ల బోధనలో ఒక చిక్కు ఉన్నది. ఉన్నత పాఠశాలలో ఫిజికల్ సైన్సుకు ఒకరు, బయొలాజికల్ సైన్సుకు ఒకరు స్కూల్ అసిస్టెంట్లు ఉంటారు. సామాన్యశాస్త్రంలో రెండూ కలిసి ఉన్నాయి కనుక, 6వ తరగతికి పాఠం చెప్పేవారు తాము డిగ్రీలో చదవని సగభాగాన్ని కూడా చెప్పవలసి వస్తుంది. ఉన్నత పాఠశాలకు అనుబంధం కాని విడి ప్రాథమికోన్నత పాఠశాలలో పరిస్థితి మరింత కష్టం. అక్కడ లెక్కలు చెప్పే ఉపాధ్యాయుడే సైన్సు కూడా చెప్పడం, లేదా ప్రాథమిక తరగతులకు నియమితులైన సెకండరీ గ్రేడ్ ఉపాధ్యాయులు ఆ తరగతులను చూసుకోవడం పరిపాటి.

2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం (2009) 6 నుండి 8 తరగతులకు తరగతికొక ఉపాధ్యాయుడు ఉండాలని, సైన్సు-గణితానికి ఒకరు, సాంఘికశాస్త్రానికి ఒకరు, భాషలకు ఒకరు తప్పనిసరిగా ఉండాలని నిర్దేశించింది. గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ చట్టం దృష్టిలో సైన్సు, గణితం కలిసి ఒకే ఉపాధ్యాయుని బాధ్యత కావచ్చు. కాబట్టి చట్టం పూర్తిగా అమలైన చోట కూడా ఒక చిన్న పాఠశాలలో సైన్సు చెప్పే వ్యక్తి ఒక్కరే ఉంటారు. తన పాఠం గురించి మాట్లాడుకోవడానికి ఆ పాఠశాలలో మరొక సైన్సు ఉపాధ్యాయుడు ఉండడు. పాఠశాలల సముదాయం అనే ఆలోచనకు ఈ ఒంటరితనమే అసలైన ఆధారం.

పాఠశాల సముదాయం అనే ఆలోచన

భౌతిక శాస్త్రవేత్త దౌలత్ సింగ్ కొఠారీ అధ్యక్షతన పనిచేసిన విద్యా కమిషన్ (1964-66) రెండు సూచనలు చేసింది. మొదటి పది సంవత్సరాల చదువులో విజ్ఞానశాస్త్రం, గణితం అందరికీ తప్పనిసరిగా ఉండాలన్నది ఒకటి. ఒక ఉన్నత పాఠశాలను కేంద్రంగా చేసుకొని చుట్టూ ఉన్న ప్రాథమిక, ప్రాథమికోన్నత పాఠశాలలను ఒక సముదాయంగా కూర్చాలన్నది రెండవది. ఉన్నత పాఠశాలలోని ప్రయోగశాల, గ్రంథాలయం, సబ్జెక్టు ఉపాధ్యాయులు చుట్టుపక్కల చిన్న పాఠశాలలకు కూడా ఉపయోగపడాలని కమిషన్ ఉద్దేశం. మొదటి సూచన దేశమంతటా అమలైంది. రెండవది చాలాకాలం కాగితాలకే పరిమితమైంది. సైన్సు అందరికీ తప్పనిసరి అయ్యింది గానీ, దానిని చెప్పేవారికి తోడు ఏర్పడలేదు. తరువాతి నలభై ఏళ్ళ ఇబ్బందులలో చాలా భాగానికి మూలం ఇక్కడే ఉన్నదని చెప్పవచ్చును.

1986 జాతీయ విద్యావిధానం తరువాత జిల్లా విద్యా శిక్షణ సంస్థలు (డైట్) ఏర్పడ్డాయి. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాకు డైట్ భీమునిపట్నంలో ఉంది. 1987-88లో కేంద్ర ప్రభుత్వం పాఠశాలలలో విజ్ఞానశాస్త్ర విద్య అభివృద్ధి పథకాన్ని ప్రారంభించి, ప్రాథమికోన్నత పాఠశాలలకు సైన్సు కిట్లు, ఉన్నత పాఠశాలలకు ప్రయోగశాల సామగ్రి సమకూర్చేందుకు నిధులిచ్చింది. సైన్సు కిట్ల సంగతి ఆనాడు చదువుకున్నవారికి ఎక్కువగా చెప్పనక్కరలేదు. గాజు పరికరాలు పగిలితే లెక్క చెప్పవలసి వస్తుందన్న భయంతో అనేక చోట్ల పెట్టె ప్రధానోపాధ్యాయుని గదిలోని బీరువా దాటి బయటకు రాలేదు. పరికరం ఉండటం వేరు, దానిని ఎప్పుడు, ఏ ప్రశ్నకు సమాధానంగా బయటకు తీయాలో తెలియడం వేరు. ఆ రెండవది పెట్టెలో పెట్టి పంపగలిగేది కాదు.

ఉపాధ్యాయ కేంద్రాలు

రాష్ట్రంలో ఉపాధ్యాయులను ప్రాంతాలవారీగా క్రమం తప్పకుండా కలిపిన మొదటి పెద్ద ప్రయత్నం ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం. బ్రిటిష్ ప్రభుత్వ సహాయంతో 1980ల మధ్యలో ప్రయోగాత్మకంగా మొదలై, 1989 నుండి రాష్ట్రవ్యాప్తంగా విస్తరించి, 1996 వరకు నడిచిన ఈ పథకం ప్రాథమిక తరగతులకు ఉద్దేశించినదే అయినా, తరువాత పై తరగతులలో వచ్చిన మార్పులకు దారి చూపింది. పథకం ఆరు బోధనాసూత్రాలను ప్రకటించింది. పిల్లలు చేస్తూ, కనుగొంటూ, ప్రయోగాలు చేస్తూ నేర్చుకోవడం, స్థానిక పరిసరాలను వాడుకోవడం, కృత్యాలను ఉపాధ్యాయులే తయారు చేసుకోవడం, వ్యక్తిగతంగాను జట్లుగాను తరగతి మొత్తంగాను పని చేయించడం, పిల్లల మధ్య తేడాలను గుర్తించడం, పిల్లలు చేసిన పనిని తరగతి గదిలో ప్రదర్శించడం వాటి సారాంశం.

ఈ పథకంలో వెయ్యికి పైగా ఉపాధ్యాయ కేంద్రాలు ఏర్పడ్డాయి. సమీప పాఠశాలల ఉపాధ్యాయులు ఏడాదిలో పలుమార్లు అక్కడ కలుసుకొని, పాఠ్యాంశాలకు కృత్యాలు రూపొందించుకొని, చేసి చూపేవారు. ఉపాధ్యాయ కేంద్రం అనే పద్ధతి బ్రిటన్ నుండి వచ్చింది. అక్కడ 1960లలో నఫ్ఫీల్డ్ ఫౌండేషన్ చేపట్టిన విజ్ఞానశాస్త్ర బోధనా పథకం కాలంలో, కొత్త పద్ధతులను పరీక్షించుకోవడానికి ఉపాధ్యాయులు స్థానికంగా కలుసుకునే కేంద్రాలు వ్యాపించాయి. జపాన్‌లో ఇంతకంటె పాత సంప్రదాయం ఒకటి ఉన్నది. కొందరు ఉపాధ్యాయులు కలిసి ఒకే ఒక పాఠాన్ని సిద్ధం చేస్తారు. ఒకరు దానిని పిల్లలకు చెబుతుంటే మిగిలినవారు వెనుక కూర్చొని పిల్లలను గమనిస్తారు. పాఠం పూర్తయ్యాక దాని మంచిచెడ్డలు చర్చించి, పాఠాన్ని మార్చి మళ్ళీ చెబుతారు. ఇక్కడ విమర్శకు గురయ్యేది పాఠమే గాని ఉపాధ్యాయుడు కాదు.

1996 తరువాత జిల్లా ప్రాథమిక విద్యా పథకం, 2001 ప్రాంతం నుండి సర్వశిక్షా అభియాన్ వచ్చాయి. మండల వనరుల కేంద్రం, మండల రిసోర్సు పర్సన్ (ఎం.ఆర్.పి.), క్లస్టర్ రిసోర్సు పర్సన్ (సి.ఆర్.పి.) అనే మాటలు ఉపాధ్యాయుల వాడుకలోకి వచ్చినది ఈ కాలంలోనే. ఈ వనరుల వ్యక్తులను బోధనలో సహాయానికి ఉద్దేశించినప్పటికీ, కాలక్రమంలో వారి సమయం చాలావరకు గణాంకాల సేకరణకు, పథకాల పర్యవేక్షణకు ఖర్చయింది.

హోషంగాబాద్ అనుభవం

ప్రాథమికోన్నత స్థాయిలో ప్రాంతీయ భాగస్వామ్యానికి భారతదేశంలో అన్నిటికంటె లోతైన ఉదాహరణ మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ (2022 నుండి నర్మదాపురం) విజ్ఞానశాస్త్ర బోధనా కార్యక్రమం. దీనిని ప్రస్తావించకుండా ఆంధ్రప్రదేశ్‌లో జరిగినదానిని అర్థం చేసుకోవడం కష్టం. కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు 1972లో 16 మాధ్యమిక పాఠశాలలలో దీనిని మొదలుపెట్టాయి. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నింటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ ఆ తరువాత నిర్వహణ బాధ్యత తీసుకున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయం, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చి వంటి సంస్థల శాస్త్రజ్ఞులు ఊళ్ళకు వచ్చి ఉపాధ్యాయులతో కలిసి పాఠాలు రాశారు.

ఈ కార్యక్రమంలో పాఠ్యపుస్తకం సమాధానాలు చెప్పదు, ప్రశ్నలు అడుగుతుంది. పిల్లలు ప్రయోగం చేసి, కనిపించినది రాసుకొని, తామే నిర్ణయానికి వస్తారు. వారికి కలిగిన సందేహాలను "సవాలీరామ్" అనే కల్పిత వ్యక్తికి ఉత్తరాలుగా రాస్తే జవాబులు వచ్చేవి. పరీక్షలో పుస్తకం చూసి రాయవచ్చు. ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. ఉపాధ్యాయులకు వేసవి శిక్షణతో పాటు నెలనెలా సమావేశాలుండేవి. అనుభవం గడించిన ఉపాధ్యాయులే కొత్తవారికి శిక్షకులయ్యారు. "ఉపాధ్యాయ నాయకత్వం" అనే మాట వాడుకలోకి రాకముందే అక్కడ అది ఆచరణలో ఉండేది.

ముప్పై సంవత్సరాల తరువాత, 2002లో, మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని నిలిపివేసింది. విద్యావేత్తలు దీనిని విమర్శించారు. అయితే దాని ప్రభావం అక్కడితో ఆగలేదు. ఈ కార్యక్రమంతో పరిచయమయ్యాక చవక వస్తువులతో సైన్సు బొమ్మలు తయారుచేయడం వైపు మళ్ళిన అరవింద్ గుప్తా (2018 పద్మశ్రీ) పుస్తకాలు కొన్ని తెలుగులోకి కూడా అనువదించబడ్డాయి. 2005 జాతీయ పాఠ్యప్రణాళికా చట్రంలోని అనేక భావాలకు కూడా ఇటువంటి అనుభవాలే పునాది.

కొత్త పాఠ్యపుస్తకాలు

2005 చట్రాన్ని అనుసరించి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ తన రాష్ట్ర విద్యాప్రణాళిక పరిధి పత్రాన్ని 2011లో ప్రకటించింది. దాని ఆధారంగా 2012 నుండి 2014 మధ్య అన్ని తరగతుల పాఠ్యపుస్తకాలు మారాయి. ఈ పుస్తకాల రచయితలలో ఎక్కువమంది ప్రభుత్వ పాఠశాలలలో పనిచేస్తున్న ఉపాధ్యాయులే. సైన్సు పుస్తకాలకు ఉదయపూర్‌లోని విద్యాభవన్ విద్యా వనరుల కేంద్రం సహకరించింది. పాఠం మధ్యలో కృత్యాలు, "ఆలోచించండి, చర్చించండి" తరహా ప్రశ్నలు, ప్రాజెక్టు పనులు వచ్చాయి. 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోయాక కూడా రెండు రాష్ట్రాలూ కొంతకాలం ఈ పుస్తకాలనే కొనసాగించాయి.

పుస్తకం రాసినవారు ఉపాధ్యాయులే కావడం వల్ల ఒక మేలు జరిగింది. కృత్యాలలో వాడే వస్తువులు చాలావరకు ఊరిలో దొరికేవి. కానీ పుస్తకంలోని కృత్యాన్ని తరగతిలో చేసేటప్పుడు అది అనుకున్నట్లు జరగకపోతే ఏమి చేయాలన్నది పుస్తకం చెప్పలేదు. విత్తనం మొలకెత్తకపోవచ్చు. పసుపు కాగితం రంగు మారకపోవచ్చు. అలాంటి సందర్భంలో ఉపాధ్యాయుడు కృత్యాన్ని వదిలి, ఫలితాన్ని నోటుసులో చెప్పేస్తాడు. అనుకున్నట్లు జరగకపోవడానికి కారణం వెదకడమే సైన్సులో అసలు పని అని తెలిసినా, 45 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడు ఎదురుగా ఉన్నప్పుడు ఆ పని చేసే ధైర్యం, అదే ఇబ్బంది పడిన మరొక ఉపాధ్యాయుడితో మాట్లాడినప్పుడే వస్తుంది.

2020-21 నుండి ఆంధ్రప్రదేశ్ దశలవారీగా ద్విభాషా పాఠ్యపుస్తకాలను ప్రవేశపెట్టింది. ఒక పుటలో తెలుగు, ఎదుటి పుటలో ఇంగ్లీషు ఉంటాయి. ఆంగ్ల మాధ్యమం గురించిన వాదోపవాదాలను పక్కన పెడితే, సైన్సు ఉపాధ్యాయులకు ఈ పుస్తకాలు ఒక కొత్త పనిని తెచ్చాయి. "సాంద్రత" అన్నా "డెన్సిటీ" అన్నా పిల్లవానికి రెండూ కొత్త మాటలే. "ఒకే గిన్నెడు నీరు, ఒకే గిన్నెడు నూనె తూచితే ఏది బరువు?" అన్న ప్రశ్న దగ్గర మొదలు పెడితేనే ఆ రెండు మాటలకూ అర్థం ఏర్పడుతుంది.

పరవాడ ప్రాంతం

పరవాడ ఒక మండల కేంద్రం. ఉమ్మడి విశాఖపట్నం జిల్లాలో ఉన్న ఈ మండలం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరింది. ఒకవైపు ముత్యాలమ్మపాలెం వంటి మత్స్యకార గ్రామాలు, మరొకవైపు వరి పొలాలు, వాటి మధ్య పెద్ద పరిశ్రమలు ఈ మండలం స్వరూపం. ఎన్.టి.పి.సి. వారి సింహాద్రి తాప విద్యుత్కేంద్రం ఇక్కడే ఉంది. 2002లో మొదటి యూనిట్‌తో ఉత్పత్తి మొదలుపెట్టిన ఈ కేంద్రంలో ఇప్పుడు 500 మెగావాట్ల యూనిట్లు 4, మొత్తం 2000 మెగావాట్లు. ఒడిషాలోని తాల్చేరు ప్రాంతం నుండి బొగ్గు వస్తుంది, శీతలీకరణకు సముద్రజలం వాడుతారు. కేంద్రపు జలాశయం మీద 25 మెగావాట్ల తేలియాడే సౌరవిద్యుత్ కేంద్రం 2021లో ప్రారంభమైంది. జవాహర్‌లాల్ నెహ్రూ ఫార్మాసిటీ కూడా ఈ మండలంలోనే ఉన్నది. దానిని ఆనుకొని ఉన్న తాడి గ్రామస్థులు కాలుష్యం కారణంగా తమను వేరొక చోటికి తరలించాలని ఏళ్ళ తరబడి కోరుతూ వచ్చారు. కొద్ది దూరంలో విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది.

ప్రాథమికోన్నత తరగతుల సైన్సు పుస్తకంలో బొగ్గు, దహనం, లోహాలు, ఆమ్లాలు-క్షారాలు, నీరు, గాలి కాలుష్యం అనే పాఠాలున్నాయి. పరవాడలో చదివే పిల్లవానికి ఇవన్నీ కిటికీలోంచి కనిపించే విషయాలు. అయినా పాఠం మాత్రం రాష్ట్రమంతటికీ ఒకటే. తన కిటికీలోంచి కనిపించేదానికి, పుస్తకంలో ఉన్నదానికి సంబంధం కలపడం ఆ ప్రాంతపు ఉపాధ్యాయులు మాత్రమే చేయగలిగిన పని. హైదరాబాదులోనో, అమరావతిలోనో కూర్చొని రాసేవారికి అది సాధ్యం కాదు.

ఈ సంబంధం ప్రాణాలతో కూడా ముడిపడి ఉంది. 2020 మే 7న తెల్లవారుజామున విశాఖపట్నం శివారు ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరి వెలువడి 12 మంది మరణించారు. వందలాది మంది ఆసుపత్రుల పాలయ్యారు. అదే సంవత్సరం జూన్ 30న పరవాడ ఫార్మాసిటీలోని ఒక పరిశ్రమలో విషవాయువు వెలువడి ఇద్దరు మరణించారు. వాయువు ఎటు వెళుతుంది, నేలకు దగ్గరగా ఉంటుందా పైకి పోతుందా అన్నది ఇటువంటి ఊళ్ళలో కేవలం పరీక్ష ప్రశ్న కాదు.

దీనిని పాఠంగా చెప్పడం అంత కష్టం కాదు. వెడల్పైన గాజు పాత్రలో రెండు కొవ్వొత్తులు, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది నిలబెట్టి వెలిగించాలి. వేరొక సీసాలో తినేసోడా మీద నిమ్మరసం పోస్తే బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడు) వస్తుంది. ద్రవం పడకుండా ఆ వాయువును మాత్రం పాత్రలోకి నెమ్మదిగా వంచితే పొట్టి కొవ్వొత్తి ముందు ఆరిపోతుంది. కంటికి కనిపించని వస్తువు నీటిలా కిందికి జారి, అడుగున నిండుతూ పైకి వస్తుందని పిల్లలు తామే చెబుతారు. గాలి సగటు అణుభారం సుమారు 29, బొగ్గుపులుసు వాయువుది 44. హైడ్రోజన్ సల్ఫైడుది 34, క్లోరిన్‌ది 71, స్టైరీన్‌ది 104. అమ్మోనియాది 17 మాత్రమే. అణుభారం పై తరగతిలో వచ్చే పాఠమైనా, ఈ అంకెలను వరుసలో పెట్టడం 8వ తరగతి వారికి కష్టం కాదు. బరువైన వాయువులు గాలి కదలిక లేని వేళ పల్లపు ప్రదేశాలలో నిలుస్తాయి, కనుక ఎత్తైన చోటికి, గాలి వీచే దిశకు అడ్డంగా వెళ్ళాలన్న హెచ్చరికకు కారణం అప్పుడు అర్థమవుతుంది. కుళ్ళిన గుడ్ల వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడు ఎక్కువైనప్పుడు వాసన చూసే శక్తినే మొద్దుబరుస్తుంది. వాసన పోయిందంటే ప్రమాదం పోయిందని అనుకోరాదన్నది కూడా ఈ పాఠంలో భాగమే.

ఇటువంటి పాఠాన్ని ఒక ఉపాధ్యాయుడు ఒంటరిగా తయారు చేయవచ్చు. కానీ పాత్ర ఎంత లోతు ఉండాలి, ఫ్యాను తిరుగుతుంటే ఎందుకు కుదరదు, పిల్లలు ఏ ప్రశ్నలు అడుగుతారు, భయపెట్టకుండా ఎలా చెప్పాలి అన్న సంగతులు నలుగురు చేసి చూసి మాట్లాడుకుంటేనే తేలుతాయి. సముదాయ సమావేశానికి ఇంతకంటె మంచి ఎజెండా ఉండదు.

సముదాయ సమావేశాలు

ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఉన్నత పాఠశాల కేంద్రంగా పాఠశాల సముదాయం (స్కూల్ కాంప్లెక్సు) పనిచేస్తుంది. దాని ప్రధానోపాధ్యాయుడే సముదాయానికి అధిపతి. చుట్టుపక్కల పాఠశాలల ఉపాధ్యాయులు నిర్ణీత రోజులలో అక్కడ సమావేశమవుతారు. సైన్సు వారికి, గణితం వారికి, భాషల వారికి విడివిడిగా సబ్జెక్టువారీ సమావేశాలు కూడా జరుగుతాయి. 2018లో సర్వశిక్షా అభియాన్, మాధ్యమిక శిక్షా అభియాన్ కలిసి సమగ్ర శిక్షగా మారిన తరువాత వీటికి అయ్యే ఖర్చు ఆ పథకం ద్వారా వస్తున్నది. 2020 జాతీయ విద్యావిధానం పాఠశాల సముదాయాన్ని మళ్ళీ ముందుకు తెచ్చింది. 6, 7, 8 తరగతులను మధ్యమ దశగా గుర్తించి, ప్రతి ఉపాధ్యాయుడు సంవత్సరానికి కనీసం 50 గంటలు వృత్తిపరమైన అభివృద్ధికి కేటాయించాలని సూచించింది. కొఠారీ కమిషన్ చెప్పిన మాటే అర్ధశతాబ్దం దాటాక తిరిగి వచ్చిందన్నమాట.

సమావేశం ఎలా జరుగుతుందన్నది దానిని ఎవరు నడుపుతారన్నదానిపై ఆధారపడి ఉంటుంది. పై నుండి వచ్చిన ఉత్తర్వులు చదవడం, నమూనాలు నింపించడం, యాప్‌లో వివరాలు ఎక్కించమని చెప్పడం మొదలైతే మధ్యాహ్న భోజన సమయానికి సైన్సు మాట రాకుండానే రోజు గడిచిపోతుంది. అటువంటి సమావేశానికి వచ్చినవారు తమ తరగతి పోయిందని బాధపడటంలో తప్పు లేదు. ఒక ఉపాధ్యాయుడు వచ్చే నెలలో చెప్పబోయే పాఠాన్ని నిజమైన పిల్లల ముందు చెప్పి, మిగిలినవారు చూసి, ఆ తరువాత మాట్లాడుకుంటే అదే రోజు విలువ మారుతుంది. మాదిరి పాఠం అనే పేరుతో ఈ పద్ధతి సముదాయాల కార్యక్రమంలో ఉన్నదే. అయితే మాదిరి పాఠాన్ని లోపం లేని ప్రదర్శనగా భావించినంత కాలం ఎవరూ ముందుకు రారు. పైన చెప్పిన జపాన్ పద్ధతిలో వలె, పాఠం అందరిదీ అయినప్పుడు ఆ జంకు తగ్గుతుంది.

భాగస్వామ్య సంస్థలు

ప్రభుత్వ పాఠశాలల సైన్సు బోధనకు తోడుగా నిలిచిన సంస్థలలో జన విజ్ఞాన వేదిక ముఖ్యమైనది. 1988లో ఏర్పడిన ఈ ప్రజా సైన్సు సంస్థ సభ్యులలో ఉపాధ్యాయులు పెద్ద సంఖ్యలో ఉన్నారు. 1990ల తొలినాళ్ళలో అక్షరాస్యతా ఉద్యమంలో పనిచేసిన ఈ సంస్థ పిల్లల కోసం "చెకుముకి" అనే సైన్సు మాసపత్రికను ప్రచురించింది, చెకుముకి పేరుతో విద్యార్థులకు సైన్సు పోటీలు నిర్వహించింది. ఇక్కడ ఉపాధ్యాయుడు ప్రభుత్వ శిక్షణకు ప్రేక్షకుడు కాడు, కార్యకర్త. ఉపాధ్యాయ నాయకత్వానికి తెలుగునాట దొరికే సహజమైన ఉదాహరణలలో ఇది ఒకటి.

అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999లో ప్రారంభమైంది. చిత్తూరు జిల్లా కుప్పం సమీపంలోని గుడివంక వద్ద 172 ఎకరాలలో దీని ప్రాంగణం ఉన్నది. వ్యాన్లలో ప్రయోగ సామగ్రిని గ్రామాల పాఠశాలలకు తీసుకువెళ్ళే సంచార ప్రయోగశాలలు ఈ సంస్థకు పేరు తెచ్చాయి. పిల్లలే తోటి పిల్లలకు ప్రయోగం వివరించే పద్ధతిని కూడా ఇది ప్రోత్సహిస్తుంది. వ్యాను వచ్చిన రోజు పాఠశాలలో పండుగ. వ్యాను వెళ్ళాక ఆ ప్రయోగం తరగతి పాఠంలోకి వస్తుందా అన్నది మాత్రం స్థానిక ఉపాధ్యాయుని చేతిలోనే ఉంటుంది. మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ గ్రామీణ విద్యాకేంద్రం ప్రాథమిక స్థాయిలో, బహుళ తరగతుల బోధనలో చేసిన కృషి ప్రసిద్ధమైనది.

ఉన్నత విద్యాసంస్థలను పాఠశాలలకు దగ్గర చేయడానికి కేంద్ర ప్రభుత్వం 2015 జూలై 9న రాష్ట్రీయ ఆవిష్కార్ అభియాన్‌ను ప్రారంభించింది. ప్రారంభించినవారు ఏ.పి.జె. అబ్దుల్ కలాం. ఐ.ఐ.టి.లు, విశ్వవిద్యాలయాలు చుట్టుపక్కల పాఠశాలలకు సైన్సు, గణితంలో మార్గదర్శకులుగా ఉండాలన్నది దాని ఉద్దేశం. విశాఖపట్నం ప్రాంతానికి ఈ విషయంలో అవకాశాలు తక్కువేమీ కావు. 1926లో స్థాపించబడిన ఆంధ్ర విశ్వవిద్యాలయం, దాని విద్యాకళాశాల, ఇంజనీరింగు కళాశాలలు, ఉక్కు, విద్యుత్ సంస్థల ఇంజనీర్లు అందరూ పరవాడకు గంట ప్రయాణ దూరంలోనే ఉన్నారు. పరిశ్రమలు తమ సామాజిక బాధ్యత నిధులతో గదులు కట్టించడం, బల్లలు, కంప్యూటర్లు ఇవ్వడం తరచుగా జరిగేదే. ఒక రసాయన ఇంజనీరు నెలకొకసారి సముదాయ సమావేశానికి వచ్చి ఉపాధ్యాయుల సందేహాలు తీర్చడానికి అంత ఖర్చు కాదు. అయితే పరిశ్రమ వలన వచ్చే కాలుష్యం గురించిన పాఠాన్ని ఆ పరిశ్రమ నిధులతో నడిచే కార్యక్రమంలో నిర్మొహమాటంగా చెప్పగలరా అన్న ప్రశ్న సమంజసమైనదే. కనుక ఏ పాఠం చెప్పాలో నిర్ణయించే అధికారం ఉపాధ్యాయుల సమావేశానికే ఉండటం మంచిది.

నీతి ఆయోగ్ 2016 నుండి అటల్ టింకరింగ్ ప్రయోగశాలలకు ఒక్కొక్క పాఠశాలకు 20 లక్షల రూపాయల వరకు సహాయం ఇస్తున్నది. ఇవి 6 నుండి 12 తరగతుల వారికి. 6 నుండి 10 తరగతుల విద్యార్థుల ఆవిష్కరణలకు ఇన్‌స్పైర్-మనక్ పథకం కింద 10,000 రూపాయల ప్రోత్సాహకం కొంతకాలం అందింది. ఇటువంటి పథకాలలో పాఠశాలకు ఒకరిద్దరు విద్యార్థులు వెలుగులోకి వస్తారు. మిగిలిన తరగతి సంగతి వేరు.

మూల్యాంకనం, ఇతర ఇబ్బందులు

పరీక్ష మారకుండా బోధన మారదన్నది హోషంగాబాద్‌లో గట్టిగా పట్టుకున్న విషయం. ఆంధ్రప్రదేశ్‌లో 2011 పరిధి పత్రం తరువాత నిరంతర సమగ్ర మూల్యాంకనం వచ్చి, నిర్మాణాత్మక మూల్యాంకనంలో ప్రాజెక్టులకు, ప్రయోగ నివేదికలకు, పిల్లల రాతపనికి మార్కులు కేటాయించబడ్డాయి. ఆచరణలో ప్రాజెక్టు అంటే చార్టుల మీద బొమ్మలు అతికించడంగా, దుకాణాలలో ఆ బొమ్మల షీట్లు అమ్ముడుపోవడంగా మారిన సందర్భాలు తక్కువేమీ కావు. ఇది ఒక్క ఉపాధ్యాయుని వలన సరిదిద్దబడే విషయం కాదు. ఒక సముదాయంలోని సైన్సు ఉపాధ్యాయులందరూ కూర్చొని ఫలానా ప్రాజెక్టులో దేనికి ఎన్ని మార్కులో ఒప్పుకుంటే, పిల్లలు స్వయంగా కొలిచిన అంకెలు లేని ప్రాజెక్టుకు మార్కులు తగ్గుతాయని ఊరూరా తెలుస్తుంది. ఉదాహరణకు, తమ తమ ఊళ్ళ బావులు, బోర్ల నీటిని ఒకే కొలతతో పళ్ళేలలో ఎండబెట్టి, మిగిలిన ఉప్పును పోల్చి చూసే ప్రాజెక్టును ముత్యాలమ్మపాలెం పిల్లలు, లోపలి ఊళ్ళ పిల్లలు ఒకేసారి చేయవచ్చు. ఒక పాఠశాల అంకెలు మరొక పాఠశాల అంకెలతో కలిస్తేనే దానికి అర్థం వస్తుంది.

పాఠశాలల పునర్వ్యవస్థీకరణ మరొక ఇబ్బంది. 2022లో జి.ఓ.117 ద్వారా ప్రాథమిక పాఠశాలల 3, 4, 5 తరగతులను సమీప ఉన్నత పాఠశాలలకు తరలించడం మొదలైంది. సబ్జెక్టు ఉపాధ్యాయులు కింది తరగతులకు కూడా అందుబాటులోకి వస్తారన్నది దాని సమర్థన. చిన్నపిల్లలకు దూరం పెరుగుతుందన్నది తల్లిదండ్రుల అభ్యంతరం. 2025లో ఆ ఉత్తర్వు రద్దయి, పాఠశాలల వర్గీకరణ మళ్ళీ మారింది. ఇలా మారిన ప్రతిసారీ ఏ పాఠశాల ఏ సముదాయంలో ఉందో, ఎవరు ఎవరితో కూర్చోవాలో కొత్తగా మొదలవుతుంది. బదిలీలు దీనికి తోడు. నాలుగైదేళ్ళు కలిసి పనిచేసి ఒకరి తరగతిలోకి ఒకరు వెళ్ళగలిగే చనువు ఏర్పడిన బృందం, ఒక్క వేసవి కౌన్సెలింగుతో విడిపోతుంది.

ప్రోత్సాహకాల విషయంలో కూడా స్పష్టత లేదు. రిసోర్సు పర్సన్‌గా వెళ్ళిన ఉపాధ్యాయునికి రోజుభత్యం, ప్రయాణ ఖర్చు తప్ప సర్వీసులో ప్రత్యేకమైన గుర్తింపు అంటూ లేదు. ప్రధానోపాధ్యాయ పదోన్నతి పొందితే అతడు తరగతి గది నుండి దూరమవుతాడు. మంచి సైన్సు ఉపాధ్యాయుడు పాఠం చెబుతూనే, వారంలో కొన్ని పీరియడ్లు తగ్గించుకొని ఇతరులకు సహాయపడే పదవి రాష్ట్ర సర్వీసు నిబంధనలలో ఏర్పడలేదు. అటువంటి ఉపాధ్యాయులు ఉన్న సముదాయాలలో సమావేశాలు వారి సొంత ఆసక్తి మీద, ఎక్కువగా సెలవు రోజుల్లోనూ సాయంత్రాల్లోనూ, వాట్సాప్ బృందాల ద్వారా నడుస్తున్నాయి.